మెల్‌బోర్న్ ఫుటీ క్లబ్బుల యంగ్ ప్రొఫెషనల్స్ గ్రూపుల్లో చేరితే నిజంగా పరిచయాలు పెరుగుతాయా?

బెజవాడ_కుర్రాడు, టార్నీట్

అందరికీ నమస్కారం. ఇక్కడే మాస్టర్స్ పూర్తిచేసి సిటీలో ఒక కంపెనీలో డేటా అనలిస్టుగా చేస్తున్నాను. మా టీమ్‌లో ఒకాయనకి ఫుటీ, అంటే ఆస్ట్రేలియా వాళ్ల సొంత ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆయన సపోర్ట్ చేసే ఏఎఫ్ఎల్ (ఫుటీ పెద్ద లీగ్) క్లబ్బులో 35 ఏళ్లలోపు ఉద్యోగస్తుల కోసం ఒక గ్రూపు ఉందట. సీజన్‌లో కొన్ని లంచ్‌లు, సాయంత్రం పూట మీటింగులు, మ్యాచ్‌లకి విడిగా సీట్లు ఉంటాయి. ఏడాదికి వెయ్యి డాలర్ల పైనే కట్టాలి. "లాయర్లు, బ్యాంకు వాళ్లు, కన్‌స్ట్రక్షన్ వాళ్లు అందరూ వస్తారు, నీ కెరీర్‌కి పనికొస్తుంది, చేరిపో" అంటున్నాడు.

నా బాధ ఏంటంటే, నాకు తెలిసినవాళ్లంతా మనవాళ్లే. రూమ్మేట్లు మనవాళ్లే, వీకెండ్ కలిసేది మనవాళ్లనే. సోమవారం పొద్దున కాఫీ మెషిన్ దగ్గర అందరూ శనివారం మ్యాచ్ గురించి మాట్లాడుకుంటుంటే నేను కప్పు నింపుకుని సీటుకి వచ్చేస్తున్నాను. ఖాళీలు పడితే అవి వెబ్‌సైట్లో రాకముందే ఎవరో ఒకరికి తెలిసిపోతున్నాయి. ఆ ఎవరో ఒకరిలో నేనెప్పుడూ లేను.

నాకు ఫుటీ రూల్స్ తెలియవు, మందు అలవాటు లేదు, బీఫ్ తినను. ఇలాంటివాడు అక్కడికి వెళ్లి ఏం మాట్లాడతాడు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్. వెయ్యి డాలర్లంటే నాకు చిన్న మొత్తం కాదు. ఇంటికి పంపాల్సినవి ఉన్నాయి.

పాతకాపు, వెర్రిబీ

తమ్ముడూ, ముందు ఈ గ్రూపులు ఎందుకు పుట్టాయో తెలుసుకుంటే డబ్బు సంగతి నీకే అర్థమవుతుంది.

ఏఎఫ్ఎల్ క్లబ్బులకి మామూలు మెంబర్‌షిప్ కాకుండా కోటరీ గ్రూపులని ఉంటాయి. క్లబ్బుకి అదనంగా డబ్బిచ్చే అభిమానుల బృందాలన్నమాట. గ్రూపుని బట్టి ఏడాదికి కొన్ని వందల డాలర్ల నుంచి కొన్ని వేల దాకా కడతారు. బదులుగా మ్యాచ్‌కి ముందు భోజనం ఉంటుంది. అసిస్టెంట్ కోచో, గాయమై ఆ వారం ఆడని ప్లేయరో వచ్చి టీమ్‌లో మార్పుల గురించి చెబుతాడు. రాఫిల్ (లాటరీ) టికెట్లు అమ్ముతారు. ఆ తర్వాత అంతా ఒకేచోట కూర్చుని మ్యాచ్ చూస్తారు. పాత కోటరీల్లో ఎక్కువ మంది సొంత వ్యాపారాలున్న పెద్దవాళ్లు. వాళ్ల తర్వాత ఎవరు నిలబడతారన్నది క్లబ్బుల ఆలోచన. కుర్రవాళ్లకి తక్కువ ఫీజుతో గ్రూపులు పెట్టడానికి అదే కారణమని నేను చూసినదాన్ని బట్టి చెప్పగలను. నీకు చెప్పేది నెట్‌వర్కింగ్ అని. వాళ్లకి కావలసింది ఇంకో ముప్పై ఏళ్లు వదలకుండా ఉండే అభిమాని.

ఇందులో మోసమేమీ లేదు. కానీ గదిలోకి వెళ్లేముందు ఇది గుర్తుండాలి. అక్కడున్నవాళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నది ఆ టీమ్ మీద ప్రేమ. ఆ ప్రేమ లేకుండా బిజినెస్ కార్డులతో వెళ్లినవాడు పావుగంటలో తెలిసిపోతాడు.

ఇంకో మాట. ఈ ఊళ్లో ఫుటీని తక్కువగా అంచనా వెయ్యకు. 1897లో విక్టోరియా లీగ్‌గా మొదలైన పోటీ ఇది. 1990లో దాని పేరు ఏఎఫ్ఎల్ అయింది. ఇప్పుడున్న 18 క్లబ్బుల్లో తొమ్మిది మెల్‌బోర్న్‌వే, పక్కనే జీలాంగ్ ఇంకొకటి. కాలింగ్‌వుడ్, కార్ల్‌టన్, రిచ్‌మండ్, ఎసెన్‌డన్... ఇవన్నీ పేటల పేర్లే. గ్రాండ్ ఫైనల్ శనివారమైతే ముందు రోజు శుక్రవారం రాష్ట్రమంతా సెలవిస్తారు. ఇక్కడ "మీది ఏ టీమ్?" అని అడగడం మన దగ్గర "మీది ఏ ఊరు?" అని అడగడం లాంటిది. మాట కలపడానికి అడుగుతారు, పరీక్ష పెట్టడానికి కాదు. "నాకింకా టీమ్ లేదు, మీరెందుకు మీ టీమ్‌ని ఎంచుకున్నారు?" అని అడిగి చూడు. వాళ్ల తాతగారి కథ మొదలుపెడతారు.

హోంలోన్_అన్న, పాయింట్ కుక్

నేను మార్ట్‌గేజ్ బ్రోకర్‌ని. ఇలాంటి గ్రూపులో కొన్నేళ్లుగా ఉన్నాను, కాబట్టి రెండో వైపు కూడా వినిపిస్తాను.

నాకు ఇది ఫీజుకి మించి తెచ్చిపెట్టింది. మా వృత్తి అంతా నమ్మకం మీదే నడుస్తుంది. మ్యాచ్ మ్యాచ్‌కీ అదే టేబుల్ దగ్గర కలిసే కన్వేయన్సర్ (ఇళ్ల కొనుగోలు కాగితాలు చూసేవాడు), ఇళ్లు కట్టే బిల్డర్, ట్యాక్స్ అకౌంటెంట్ ఉంటారు. ఒకరి క్లయింట్‌ని ఇంకొకరి దగ్గరికి పంపుకుంటాం. మొదటి సీజన్లో మాత్రం ఒక్క పని కూడా రాలేదు. రెండో సీజన్ సగం దాటాక మా టేబుల్ ఆవిడ తన తమ్ముడి లోన్ గురించి ఫోన్ చేసింది. అక్కడి నుంచి మొదలైంది.

కాబట్టి బెజవాడ తమ్ముడూ, నువ్వు అమ్మేది ఏంటి అన్నది ముఖ్యం. క్లయింట్లు కావలసిన వృత్తి అయితే, అంటే బ్రోకర్లు, లాయర్లు, అకౌంటెంట్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు, ఫిజియోలు, వీళ్లకి ఇది సరిగ్గా సరిపోతుంది. జీతం మీద పనిచేసేవాడికి, అందులోనూ ఐటీలో, ఆ గదిలో ఉన్న ఎనభై మందిలో నీ రంగం వాళ్లు నలుగురుంటే గొప్ప. ఆ నలుగురూ నీకు ఉపయోగపడొచ్చు కూడా. కానీ ఏడాదిలో ఫలితం కావాలనుకుంటే చేరకు.

లెక్కలమాస్టారు, గ్లెన్ వేవర్లీ

ట్యాక్స్ గురించి ఒక్క మాట చెప్పి వెళ్తాను. ప్రతి జూన్‌లోనూ ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతారు.

"నెట్‌వర్కింగ్ కోసమే చేరాను" అని చెప్పినా ఈ ఫీజు డిడక్షన్ కింద రాదు. సభ్యులకి వినోదం, ఆటలు, భోజన సదుపాయాలు కల్పించే క్లబ్బుల ఫీజులని ఆస్ట్రేలియా ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం విడిగా పేరు పెట్టి మరీ మినహాయించింది. లంచ్‌లూ డిన్నర్లూ ఎంటర్‌టైన్‌మెంట్ కింద పోతాయి. కంపెనీయే కడతానంటే మంచిదే. కానీ వాళ్లకి ఫ్రింజ్ బెనిఫిట్స్ ట్యాక్స్ (ఉద్యోగికి జీతం కాకుండా ఇచ్చే సౌకర్యాల మీద కంపెనీ కట్టే పన్ను) పడొచ్చు, అందుకే చాలా కంపెనీలు వెనకాడతాయి. ఆస్ట్రేలియన్ స్పోర్ట్స్ ఫౌండేషన్ ద్వారా ఇచ్చే విరాళం సంగతి వేరు. 2 డాలర్లు, ఆ పైన ఇస్తే డిడక్షన్ ఉంటుంది. కానీ దానికి బదులుగా సీటూ భోజనం తీసుకోకూడదు. అందుకని ఈ ఫీజు మొత్తం నీ జేబులోంచే అనుకుని నిర్ణయం తీసుకో బాబూ.

సూటిగా_చెప్తా, డాక్‌లాండ్స్

నా మటుకు నాకు ఈ పద్ధతే నచ్చదు. డబ్బు కట్టి పరిచయాలు కొనుక్కోవడమేంటి? తెలుగు సంఘాల్లో, యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల మీటింగుల్లో, ఐటీ మీటప్‌లలో ఉచితంగా కలవొచ్చు. సిటీలో రాత్రి రాత్రికీ ఏదో ఒక డేటా మీటప్ ఉంటుంది, పిజ్జా కూడా పెడతారు. నీ రంగంలో ఉద్యోగం ఇచ్చేవాళ్లు అక్కడే ఉంటారు. ఫుటీ గ్రూపులో ఎవరి నాన్న ఏ స్కూల్లో చదివాడో అన్నదాని మీదే సగం సంభాషణ నడుస్తుంది. ఒకసారి స్నేహితుడి గెస్ట్‌గా వెళ్లాను. నా టేబుల్లో అందరూ ఒకే ప్రైవేట్ స్కూల్ వాళ్లు. నన్నెవరూ తక్కువ చేసి మాట్లాడలేదు, అది ఒప్పుకుంటాను. కానీ వాళ్ల మధ్య ఇరవై ఏళ్ల స్నేహం ఉంది, అందులోకి నేను డబ్బు కట్టి వెళ్లలేను.

కాకినాడ_కాజా, ఫుట్స్‌క్రే

సూటిగా గారూ, మీరు చెప్పింది నిజం, నేను కూడా చూశాను. కానీ ఒక్కసారి వెళ్లి తలుపు మూసెయ్యక్కర్లేదు. నా అనుభవం కొంచెం వివరంగా రాస్తాను, అమ్మాయిలకి కూడా పనికొస్తుంది.

నేను సివిల్ ఇంజనీర్‌ని. మొదటిసారి మా వారితో కలిసి ఒక క్లబ్బు డిన్నర్‌కి వెళ్లాం. టేబుల్లో ఒకాయన రైల్వే క్రాసింగులు తీసేసే ప్రాజెక్టు గురించి మా వారిని అడుగుతూనే ఉన్నాడు. ఆ ప్రాజెక్టులో పనిచేసేది నేను. మా వారు టీచర్. రెండుసార్లు చెప్పినా ఆయన మెడ మా వారి వైపే తిరిగి ఉంది. ఆ రాత్రి నాకు చాలా కోపం వచ్చింది.

తర్వాత అదే ఆటలో వేరే దారి దొరికింది. మహిళల లీగ్ ఏఎఫ్ఎల్‌డబ్ల్యూ 2017లో మొదలైంది. 2022 నుంచి మొత్తం 18 క్లబ్బులకీ మహిళల జట్లున్నాయి. ఆ మ్యాచ్‌లు ఎక్కువగా చిన్న గ్రౌండ్లలో జరుగుతాయి. మా ఇంటి దగ్గర విట్టెన్ ఓవల్‌లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ క్లబ్బు అమ్మాయిలు ఆడతారు. లక్ష మంది పట్టే ఎంసీజీ స్టేడియంలో పక్క సీటు మనిషి మళ్లీ కనిపించడు. విట్టెన్ ఓవల్‌లో కంచె పక్కన నిలబడితే పోయినసారి చూసిన ముఖాలే మళ్లీ కనిపిస్తాయి. అలా ఒక క్వాంటిటీ సర్వేయర్, ఒక నర్స్ మేనేజర్, స్థానిక కౌన్సిల్లో పనిచేసే ఇంకో ఆవిడ పరిచయమయ్యారు. మా నలుగురికీ ఇప్పుడొక వాట్సాప్ గ్రూపుంది. నేను పోయిన ఏడాది జీతం గురించి ఎలా మాట్లాడాలో నేర్చుకున్నది వాళ్ల దగ్గరే. ఇంత అడుగు, ఈ మాట అనకు, మెయిల్లో రాయించుకో అని కూర్చోబెట్టి చెప్పారు.

ఇక బెజవాడ తమ్ముడి తిండి సంగతి. క్లబ్బు డిన్నర్లలో ఆల్టర్నేట్ డ్రాప్ అని ఉంటుంది. ఒకరి ముందు చికెన్, పక్కవాళ్ల ముందు బీఫ్, ఆ పక్కన మళ్లీ చికెన్, ఇలా వరసగా ప్లేట్లు పెట్టుకుంటూ పోతారు. బీఫ్ వస్తే "మార్చుకుందామా?" అని పక్కవాళ్లని అడగడం ఇక్కడ మామూలు విషయం, ఎవరూ ఏమీ అనుకోరు. పూర్తిగా వెజ్ కావాలంటే బుక్ చేసేటప్పుడే డైటరీ కాలమ్‌లో రాయాలి. అక్కడికి వెళ్లాక చెబితే ఉడికించిన కూరగాయలు తప్ప ఏమీ దొరకవు.

మందు గురించి అసలు టెన్షన్ పడకు. ఇక్కడ షౌట్ అని ఒక పద్ధతి, ఒక్కొక్కరు ఒక్కో రౌండ్ అందరికీ కొంటారు. నువ్వు ఆ రౌండ్లలో కలవకుండా మొదట్లోనే వెళ్లి నీ డ్రింక్ నువ్వు తెచ్చేసుకో, ఎవరూ బలవంతం చెయ్యరు. చాలామంది లెమన్ లైమ్ బిట్టర్స్ తాగమంటారు. అందులో పడే ఆ కొన్ని చుక్కల బిట్టర్స్‌లో ఆల్కహాల్ ఉంటుంది. నియమంగా ఉండేవాళ్లయితే సోడా అండ్ లైమ్ అడగండి.

బెజవాడ_కుర్రాడు, టార్నీట్

కాజా అక్కా, చాలా థ్యాంక్స్. ఆల్టర్నేట్ డ్రాప్ సంగతి ఎవరూ చెప్పలేదు. పాతకాపు అన్నా, మీరు చెప్పినట్టు ఈ రోజు మా కొలీగ్‌ని "ఎందుకు ఈ టీమ్?" అని అడిగాను. నలభై నిమిషాలు మాట్లాడాడు. 2016లో బుల్‌డాగ్స్ 62 ఏళ్ల తర్వాత కప్పు గెలిచినప్పుడు వాళ్ల మామయ్య స్టేడియంలో ఏడ్చాడట. అంతకుముందు కప్పు గెలిచింది 1954లో, ఆయన పుట్టకముందు. నాకు నిజంగా వినబుద్ధేసింది.

ఒక సందేహం. నేను విజయవాడలో లీగ్ క్రికెట్ ఆడాను. ఫుటీ బదులు క్రికెట్ ద్వారా ఇలాంటి పరిచయాలు కుదురుతాయా? మనవాళ్ల టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు కాకుండా.

ఆఫ్‌స్పిన్నర్, బ్రన్స్‌విక్

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. తమ్ముడూ, నీ వెయ్యి డాలర్లు దాచుకో. నీ ఇంటికి దగ్గర్లో ఉన్న సబర్బన్ క్రికెట్ క్లబ్బులో చేరు. సీజన్ ఫీజు కొన్ని వందల డాలర్లే ఉంటుంది, విద్యార్థులకి ఇంకా తక్కువ.

ఎందుకంటున్నానో చెబుతాను. ఇక్కడి క్లబ్బులు కౌన్సిల్ గ్రౌండ్ మీద, జీతం లేని మనుషుల చేతుల మీద నడుస్తాయి. శనివారం మధ్యాహ్నం మ్యాచ్ అంటే ముందుగా వెళ్లి బౌండరీ మార్కర్లు పెట్టాలి, స్టంప్స్ తేవాలి. కింది గ్రేడ్లలో అంపైర్లుండరు, బ్యాటింగ్ చేస్తున్న జట్టులోంచే ఇద్దరు నిలబడాలి. టీ బ్రేక్‌కి ఎవరి వంతు వస్తే వాళ్లు ఏదో ఒకటి తేవాలి. మావాళ్లు మిర్చి బజ్జీలు తెస్తే అవతలి జట్టు వాళ్లు కూడా ప్లేటు పట్టుకుని వస్తారు. మ్యాచ్ అయ్యాక క్లబ్ రూమ్స్ ఊడ్చి, తాళం వేసి వెళ్లాలి. కొన్ని గ్రేడ్లలో మ్యాచ్ రెండు శనివారాలు నడుస్తుంది. వారం గ్యాప్‌లో అదే మనుషులు, అదే స్కోరు, అదే ఉత్కంఠ.

అన్నిటికంటే మంచి చోటు స్కోరర్ బల్ల. ఇప్పుడు ప్లేహెచ్‌క్యూ యాప్‌లో టాబ్లెట్ మీద స్కోరింగ్ చేస్తారు. రెండు జట్ల నుంచి ఒక్కొక్కరు పక్కపక్కనే కూర్చుంటారు. బౌలర్ పేరు, బై, లెగ్ బై, వైడ్లు ప్రతి ఓవర్ చివర ఇద్దరూ సరిచూసుకోవాలి. ఎండలో మూడు నాలుగు గంటలు ఒక కొత్త మనిషి పక్కన ఇలా కూర్చుంటే లంచ్‌లో రెండు నిమిషాల పరిచయానికీ దీనికీ పోలికే ఉండదు. మనిషికి ఓపికుందా, లెక్కలో నిజాయితీ ఉందా, తన జట్టు ఓడిపోతుంటే ఎలా ప్రవర్తిస్తాడు, అన్నీ బయటపడతాయి.

నాకు ఇప్పుడున్న ఉద్యోగం అలాగే వచ్చింది. నీళ్ల సరఫరా సంస్థలో ఒక ఖాళీ ఉందని చెప్పింది మా క్లబ్ సెక్రటరీ. రెఫరీగా, అంటే కంపెనీ వాళ్లు ఫోన్ చేస్తే నా గురించి చెప్పే మనిషిగా కూడా ఆయన పేరే ఇచ్చాను. మేనేజర్ ఫోన్ చేసినప్పుడు నా టెక్నికల్ స్కిల్స్ గురించి ఆయనకేం తెలుసు? స్కోర్లో ఒక్క పరుగు తేడా వస్తే అందరూ వెళ్లిపోయాక కూడా కూర్చుని పట్టుకుంటాడని చెప్పాడట. నేను ఉద్యోగంలో చేరాక మేనేజరే నాకీ విషయం చెప్పింది. ఇక్కడ లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదంటూ మన రెజ్యూమేలు పక్కన పెడతారు కదా. క్లబ్బులో ట్రెజరర్‌గానో, రిజిస్ట్రార్‌గానో ఒక సీజన్ చేస్తే అది అసలైన లోకల్ ఎక్స్‌పీరియన్సే. నువ్వు డేటా మనిషివి. క్లబ్బు కౌన్సిల్ గ్రాంటుకి దరఖాస్తు పెట్టేటప్పుడు ఎంతమంది జూనియర్లున్నారు, ఎంతమంది అమ్మాయిలు ఆడుతున్నారు, మూడేళ్లలో ఎంత పెరిగారు అని అంకెలడుగుతారు. వాటిని చక్కగా ఒక పేజీలో పెట్టి ఇచ్చేవాడి కోసం క్లబ్బులు వెతుక్కుంటున్నాయి.

హోంలోన్_అన్న, పాయింట్ కుక్

ఆఫ్‌స్పిన్నర్ చెప్పినదాంట్లో నాకు అభ్యంతరం లేదు. కానీ టైమ్ కూడా లెక్కెయ్యాలి. అక్టోబర్ నుంచి మార్చి దాకా శనివారాలు పోతాయి, వారంలో రెండు సాయంత్రాలు నెట్స్. చిన్నపిల్లలున్నవాళ్లకి అది కుదరదు. మా గ్రూపు మీటింగులు సీజన్ మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. నాలాంటి వాడికి వెయ్యి డాలర్లు చౌక, శనివారాలు ఖరీదు.

ఆఫ్‌స్పిన్నర్, బ్రన్స్‌విక్

అది న్యాయమైన మాటే అన్నా. పెళ్లి కాని కుర్రాడు కాబట్టి ధైర్యంగా చెప్పాను.

శేరిలింగంపల్లి_రన్నర్, హైదరాబాద్

మెల్‌బోర్న్‌లో కొన్నేళ్లుండి తిరిగొచ్చేసినవాణ్ని. ఇక్కడి సంగతి కూడా చెప్పాలనిపించింది, ఎందుకంటే తిరిగి రావాలనుకునేవాళ్లు ఈ వేదికలో చాలామంది ఉన్నారు.

మన హైదరాబాద్‌లో క్లబ్ అంటే ఇప్పటికీ ఎక్కువగా పెద్దల మాటే. సికింద్రాబాద్ క్లబ్ 1878 నాటిది, నిజాం క్లబ్ 1884 నాటిది. స్విమ్మింగ్ పూల్, టెన్నిస్ కోర్టులు, బిలియర్డ్స్ అన్నీ ఉంటాయి. కానీ సభ్యత్వం రావడమే పెద్ద పని. తండ్రి సభ్యుడైతే కొడుక్కి దారి సులువు. ముప్పై ఏళ్లలోపు ఉద్యోగస్తుడు సొంతంగా లోపలికి వెళ్లాలంటే ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేం. మెల్‌బోర్న్ క్రికెట్ క్లబ్ కూడా అంతే కదా, పిల్లలు పుట్టగానే వెయిటింగ్ లిస్టులో పేరు రాయించేవాళ్లుంటారు.

ఆ లోటుని ఇక్కడ రన్నింగ్ గ్రూపులు, సైక్లింగ్ గ్రూపులు, బ్యాడ్మింటన్ కోర్టులు తీరుస్తున్నాయి. హైదరాబాద్ రన్నర్స్ 2007లో మొదలైంది. వాళ్లు నిర్వహించే ఆగస్టు మారథాన్‌కి నెలల ముందు నుంచే పేటపేటనా పొద్దున్నే ట్రైనింగ్ ఉంటుంది. ఆదివారం తెల్లవారకముందే పదిహేను, ఇరవై కిలోమీటర్లు పక్కపక్కన పరిగెత్తేటప్పుడు ఎవరు డైరెక్టరో, ఎవరు కొత్తగా చేరిన టెస్టరో తెలియదు. తెలిసేటప్పటికి స్నేహం కుదిరిపోయి ఉంటుంది. పరుగయ్యాక ఇడ్లీ బండి దగ్గర జరిగే మాటల్లో నేను రెండు స్టార్టప్‌ల పుట్టుక చూశాను. ఇక్కడ కూడా ఆఫ్‌స్పిన్నర్ చెప్పిందే పనిచేస్తుంది. మారథాన్ రోజు పరిగెత్తినవాళ్ల కంటే నీళ్ల స్టేషన్లో తెల్లవారుజామున నిలబడి కప్పులందించినవాళ్లనే ఎక్కువమంది గుర్తుపెట్టుకుంటారు.

సూటిగా_చెప్తా, డాక్‌లాండ్స్

క్రికెట్ క్లబ్బు సలహాకి నేను కూడా ఓటేస్తాను. అక్కడ డబ్బు బదులు పని అడుగుతున్నారు, అది నాకు గౌరవంగా అనిపిస్తుంది. ఒక హెచ్చరిక మాత్రం. ఏ గ్రూపులో చేరినా "సైడ్ ఇన్‌కమ్ గురించి మాట్లాడదాం, కాఫీకి రా" అని పిలిచే గొలుసుకట్టు వ్యాపారం వాళ్లు తగులుతారు. మన కుర్రాళ్లని షాపింగ్ సెంటర్లలో పట్టుకునేది వీళ్లే. స్పోర్ట్స్ గ్రూపుల్లోకి కూడా వస్తున్నారు. రెండో కాఫీకి వెళ్లొద్దు. మనవాళ్లే కదా అని మొహమాటపడి డబ్బు పెట్టి, ఊళ్లో నాన్నతో అప్పు చేయించినవాళ్లని నేనెరుగుదును.

మోడరేటర్

ఈ థ్రెడ్‌లో క్లబ్బుల రిఫరల్ కోడ్‌లు పెట్టొద్దని మనవి. ఇప్పటికే రెండు తీసేశాను. చర్చ బాగుంది, కొనసాగించండి.

కాకినాడ_కాజా, ఫుట్స్‌క్రే

ఆఫ్‌స్పిన్నర్ గారూ, మీ క్లబ్బులో అమ్మాయిల జట్టుందా? మా ఆఫీసులో కొత్తగా చేరిన గుంటూరు అమ్మాయి ఒకరు అడుగుతోంది. ఆడటం రాదు, నేర్చుకోవాలని ఉంది. జూనియర్ల దగ్గర వాలంటీర్‌గా చెయ్యడానికైనా సిద్ధమే అంటోంది.

ఆఫ్‌స్పిన్నర్, బ్రన్స్‌విక్

ఉంది అక్కా, చాలా క్లబ్బుల్లో ఇప్పుడు మహిళల సోషల్ జట్లు ఉంటున్నాయి. మెత్తని బంతితో, తక్కువ ఓవర్లు, కొత్తవాళ్లకి భయం లేకుండా. పిల్లలతో వాలంటీర్‌గా చెయ్యాలంటే వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ తప్పనిసరి. వాలంటీర్లకి విక్టోరియాలో అది ఉచితం. ముందే అప్లై చెయ్యమనండి, కార్డు చేతికి రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. క్లబ్ బార్‌లో నిలబడాలంటే మాత్రం ఆర్‌ఎస్‌ఏ (మందు బాధ్యతగా వడ్డించే శిక్షణ) సర్టిఫికెట్ అడగొచ్చు. అది ఇష్టమైతేనే, ఎవరూ బలవంతపెట్టరు.

పాతకాపు, వెర్రిబీ

ఇంకో విషయం మర్చిపోయాం. 2024 డిసెంబర్ 28న ఎంసీజీలో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టిన రోజు నేను స్టాండ్స్‌లోనే ఉన్నాను. తొమ్మిదో వికెట్ పడి సిరాజ్ వచ్చి మిగిలిన బంతులు కాచుకున్నాడు చూడు, ఆ నిమిషాల్లో నా చుట్టూ ఉన్న ఆస్ట్రేలియా వాళ్లు కూడా లేచి నిలబడ్డారు. నితీశ్ నాన్నగారు స్టాండ్స్‌లో కళ్లు తుడుచుకుంటుంటే పెద్ద స్క్రీన్ మీద చూపించారు. ఆ తర్వాత కొన్ని నెలలు ఆఫీసులో ఎవరు కలిసినా ఆ కుర్రాడి గురించే అడిగేవారు. విశాఖ మీ ఊరికి ఎంత దూరం, మీ భాషేనా, వాళ్ల నాన్న అతని కోసం ఉద్యోగం వదిలేశాడట నిజమేనా అని. అన్నేళ్లలో నా ఊరి గురించి అంతమంది అడగడం అదే మొదటిసారి.

తమ్ముడూ, నువ్వు చెప్పడానికి ఏమీ లేదనుకుంటున్నావు. కృష్ణ ఒడ్డున మ్యాటింగ్ పిచ్ మీద ఎలా ఆడేవాళ్లో చెప్పు, వాళ్లు కుర్చీ దగ్గరికి జరుపుకుని వింటారు. ఫుటీ రూల్స్ నేర్చుకోవడం కూడా మంచిదే. గోల్‌కి ఆరు, పక్క నుంచి పోతే ఒకటి, జట్టుకి పద్దెనిమిది మంది. ఆఫీస్ టిప్పింగ్ పోటీలో పేరు ఇయ్యి, వారం వారం ఎవరు గెలుస్తారో ఊహించి పెట్టడమే. దానికి ఖర్చు పది ఇరవై డాలర్లు, సోమవారం కాఫీ దగ్గర నీకూ ఒక మాట ఉంటుంది.

బెజవాడ_కుర్రాడు, టార్నీట్

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఆలోచించాను. ఈ ఏడాది ఆ గ్రూపులో చేరట్లేదు. కానీ మా కొలీగ్ పిలిస్తే ఒక లంచ్‌కి గెస్ట్‌గా వెళ్తాను. ఆయన మనసు బాధపెట్టడం నాకిష్టం లేదు, ఆయన కథలు నాకు నచ్చాయి కూడా. టిప్పింగ్‌లో వచ్చే సీజన్ నుంచి ఉంటాను.

మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న క్రికెట్ క్లబ్ సెక్రటరీకి నిన్న మెయిల్ పెట్టాను. రాత్రే జవాబొచ్చింది. మంగళ, గురువారాలు సాయంత్రం నెట్స్ మొదలయ్యాయట, ఒకసారి వచ్చి బంతి వెయ్యమన్నాడు. మీరన్నట్టు "స్కోరింగ్ కూడా చేస్తాను" అని రాశాను. దానికి మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టి జవాబిచ్చాడు.

ఆఫ్‌స్పిన్నర్ అన్నా, తెల్ల బట్టలు ఇక్కడే కొనుక్కోవాలా? విజయవాడ నుంచి తెచ్చిన బూట్లకి స్పైక్స్ ఉన్నాయి, సింథటిక్ పిచ్ మీద పనికొస్తాయా?

ఆఫ్‌స్పిన్నర్, బ్రన్స్‌విక్

స్పైక్స్ సింథటిక్ మీద వద్దు, మ్యాట్ చిరిగిపోతుంది, క్లబ్బు వాళ్లు ఒప్పుకోరు. రబ్బర్ సోల్ బూట్లు కొనుక్కో. టర్ఫ్ గ్రేడ్‌కి (సింథటిక్ కాని అసలు పిచ్ మీద ఆడే స్థాయికి) వెళ్లాక నీ స్పైక్స్ బయటికి తీద్దువుగాని. మొదటి కొన్ని వారాలు ట్రాక్ ప్యాంట్ చాలు. క్లబ్ షర్ట్, ప్యాంట్ వాళ్లే ఆర్డర్ పెడతారు, చాలా క్లబ్బుల్లో ఫీజులో కలిపేస్తారు. రిజిస్ట్రేషన్ ప్లేహెచ్‌క్యూలో చెయ్యాలి. పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరే రాయి, ఇంటి పేరు ముందూ వెనకా అయితే తర్వాత గణాంకాలు రెండు ఖాతాల్లో పడతాయి. మంగళవారం వెళ్లొచ్చి ఎలా జరిగిందో ఇక్కడ రాయి.